మూడో పూట పొగ

కుండలు చేసే ఆ వీధిలో ఆయన్ని అందరూ గాలి తాత అంటారు. అలా పిలిపించుకోవడం ఆయనకు ఇష్టమే. కుండలు కాల్చే ఆవం ఎక్కడ వేయాలన్నా ముందు ఆయనకు కబురు వెళ్ళాలి. పిల్లకు సంబంధం చూసినదానికన్నా కష్టమంటాడాయన. పైన కరెంటు తీగ ఉండకూడదు, పక్కన గడ్డి కప్పు ఉండకూడదు, కింద నేల చెమ్మగిల్లకూడదు. ఇవన్నీ కుదిరాక ఓ పగిలిన కుండలో తడి గడ్డి అంటించి, పొగ ఎటు పోతుందో పొద్దున, మధ్యాహ్నం, పొద్దువాలాక చూస్తాడు. గాలి పూటకో మాట మాట్లాడుతుంది, మూడూ వినాలని ఆయన లెక్క.

కిందటేడు వీధి మధ్యనున్న ఆవం నుంచి రవ్వ ఎగిరి ఓ ఇంటి కప్పు అంటుకుంది. ఆవాన్ని ఊరవతలికి మార్చాలనుకున్న కుమ్మరుల సంఘం చోటు చూసే పని తాతకే అప్పజెప్పింది. వెతగ్గా వెతగ్గా రెండు చోట్లు తేలాయి. ఒకటి పల్లపు నేల. అక్కడ ఏ పూట పొగైనా ఖాళీ నేల మీదకే పోతుంది గానీ, వారం రోజులు ఇంటికొకరు మట్టి మోసి ఎత్తు చేయాలి. రెండోది కూలిన గోడ పక్కన సిద్ధంగా ఉన్న గట్టి నేల. దానికి వంద అడుగుల్లో రేకుల గదుల వరస. ఊరి వీధులూడ్చేవాళ్ళు అందులో అద్దెకుంటారు.

గట్టి నేల మీద పొద్దున పొగ పొలాల వైపు పోయింది. మధ్యాహ్నం నిటారుగా లేచింది. సాయంత్రం తాత ఒక్కడే వెళ్ళాడు. పొగ నేలబారున పాకి, తాడు కట్టి లాగినట్టు రేకుల గదుల మీదకు పోయింది. ఆవం అంటించేది సాయంత్రాలే. తాత కాసేపు నిలబడి, గడ్డిని కింద కుమ్మరించి తొక్కి ఆర్పి, కుండ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

సంఘం పెద్ద ఆయన బావమరిదే. "ఏం బావా, మూడు పూటలూ చూశావా? మట్టి మోత తప్పినట్టేనా?" అని అడిగితే, చూశాను, పర్లేదన్నాడు. చూశానన్నది నిజమే. అక్కడే ఆవం కట్టారు, వీధిలో ఎవరింటికీ పొగ రాలేదు, తాతను మెచ్చుకోనివాళ్ళు లేరు. నోరున్నవాళ్ళ ఇళ్ళ మీద నుంచి నోరులేనివాళ్ళ ఇళ్ళ మీదకు నెట్టిన పొగకు మనం పెట్టుకున్న పేరు భద్రత.

ఎనిమిది నెలలకు రేకుల గదుల నుంచి ఒకావిడ తాత గుమ్మం ముందుకొచ్చింది. వీధులూడ్చే మనిషి. తగువుకు రాలేదు. ఉన్న ఒక్క కిటికీ సాయంత్రమైతే మూసుకుంటున్నామని, దగ్గుతో తన తల్లికి కునుకు లేదని, ఇంకో కిటికీ పెట్టుకోవడానికి ఇంటి యజమాని ఒప్పుకున్నాడని చెప్పింది.

"గాలి సంగతి నీకు తెలుసంటారు తాతా. ఏ గోడకు పెడితే పొగ రాదో చెప్పు."

తాతకు తల కొట్టేసినట్టయింది. కాదనే ముఖం లేక పగిలిన కుండ తీసుకుని ఆమె వెంట నడిచాడు. కుండతో పనే పడలేదు. ఆవం అప్పటికే మండుతోంది. గదిలో ముసలామె ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని మంచం మీద ముడుచుకుని ఉంది. ఏ గోడకు పెట్టినా ఒకటేనని తెలిసి కూడా తాత గోడలన్నీ తడిమాడు.

ఆమె కుండ వైపు చూసి మామూలుగా అంది. "అప్పుడూ ఇదే తెచ్చావు కదా. ఆ సాయంత్రం కిటికీలోంచి చూశాను."

"మరి అప్పుడే చెప్పలేదేమ్మా?"

"చూడనివాళ్ళకైతే చెప్పేదాన్ని. నువ్వు చూశావుగా."

తేలు కుట్టిన దొంగలా బయటపడ్డాడు తాత.

మర్నాడు సంఘంలో లేచి నిలబడి మూడో పూట సంగతి చెప్పాడు. పెద్దవాడివయ్యావు, పొరపాటు పడి ఉంటావులే బావా అని బావమరిది సర్దబోయాడు. ఆ మాట పట్టుకుంటే పరువు దక్కేది.

"పొరపాటు కాదురా. మట్టి మోయమంటే మీరంతా తిడతారని, వద్దంటే మెచ్చుకుంటారని నోరు మూసుకున్నా."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. సాయంత్రం సాయంత్రం ఆ పొగ ఎటు పోతోందో వాళ్ళకు కనపడకనా?

కొత్త చోటు సిద్ధమయ్యేదాకా ఆవం పొద్దున్నే అంటిస్తున్నారు. పల్లపు నేల ఎత్తు చేసే పని మొదలైంది. వద్దన్నా వినకుండా తాత కూడా తట్ట ఎత్తుకున్నాడు. దారి రేకుల గదుల ముందు నుంచే. మూడో రోజు సాయంత్రం ఆ కిటికీ తెరిచి ఉంది. లోపల దగ్గు ఇంకా వినిపిస్తూనే ఉంది. వెనక నుంచి ఎవరో "గాలి తాతా" అని పిలిచారు. అది తన పేరు కానట్టు, తట్ట కింద తల ఇంకాస్త వంచుకుని నడిచాడు.