వంక దొరకని చోటు

మా అత్తగారు బతికున్న రోజుల్లో నన్ను గురించి చుట్టాలందరికీ ఒకటే మాట చెప్పేది. "మా కోడలు గుళ్ళో ప్రసాదానికి కూడా వంక పెడుతుంది" అని. అందులో అబద్ధమేమీ లేదు. పులిహోరలో ఉప్పు తక్కువైతే తక్కువైందనే అంటాను, అది పెట్టింది పూజారి అయినా సరే. దుబాయ్‌లో మేముండే సత్వా పేటలో మా వీధి చివరి కూరగాయల కొట్టతను నన్ను చూడగానే మెత్తబడిన టమాటాలను వెనక్కి తోసేసేవాడు. అలాంటిదాన్ని, దుబాయ్‌కి దూరంగా అల్ ఐన్ అనే ఊళ్ళో మా ఆయన్ని ఉంచిన నర్సింగ్ హోమ్‌లో ఒక్క వంకైనా పట్టుకోలేక నెలల తరబడి అవస్థ పడ్డాను.

నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళలోలాగా కాన్పులు చేసే చిన్న ఆసుపత్రి కాదు. మంచాన పడ్డవాళ్ళను ఏళ్ళ తరబడి ఉంచుకుని చూసుకునే చోటు. రెండువేల పదమూడో, పద్నాలుగో, ఆ ప్రాంతంలో మా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆఫీసులో డ్రాయింగు గీస్తూ గీస్తూ పక్కకు ఒరిగిపోయారట. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. దుబాయ్ ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టి, ఇక మందులతో చేసేదేమీ లేదని అక్కడికి పంపారు. బీమావాళ్ళు ఒప్పుకున్న చోటు అదొక్కటే. నేను బడిలో లెక్కలు చెప్పే టీచర్ని. మా వీసాలు, ఇల్లు, అన్నీ ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉన్నాయి. మాకు పిల్లల్లేరు. ఇండియాకు తీసుకుపోదామన్నా, అక్కడ ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని ఆయన అక్కడ, నేను ఇక్కడ. శుక్రవారం వస్తే బస్సెక్కేదాన్ని.

ఆయన్ని చేర్చిన రోజే అక్కడి ఈజిప్టు డాక్టరమ్మ చెప్పింది, మాట పోయినవాళ్ళలో కొందరికి తెలివి కూడా చెదురుతుందని, ఈయనకు ఎంతవరకు మిగిలిందో చూశాక ఇంటికి పంపే సంగతి ఆలోచిద్దామని. అంతవరకు ఆగే ఓపిక నాకు లేదు. ఏదైనా లోపం పట్టుకుని, ఇదీ మీరు చూసే తీరు అని గట్టిగా నాలుగు మాటలు అని, ఆయన్ని తెచ్చేసుకోవాలని నా ఎత్తు. ప్రతి శుక్రవారం అందుకే వెతికేదాన్ని.

మంచంలో ఉన్నవాళ్ళ మడమలు పుళ్ళు పడతాయని ఎవరో చెప్పారు. దుప్పటి ఎత్తి చూశాను. నా మడమలకంటే నున్నగా ఉన్నాయి. చెవుల వెనక వాసన చూశాను, సబ్బు వాసన. మంచినీళ్ళ గ్లాసు పనిచేసే చేతి వైపే పెట్టారు. గోళ్ళు తీశారు. గడ్డం గీశారు, అదీ మీసానికి ఏమీ కాకుండా. ఇంట్లో ఆయన తనంతట తాను గీసుకున్నప్పుడే మీసం ఒకవైపు తగ్గేది. ఆయన్ని చూసుకునే సహాయకుడు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నడివయసు మనిషి. నేను పరుపు కింద చెయ్యి పెట్టి తడి ఉందేమోనని తడుముతుంటే చూసి, ఏమీ అనుకోకుండా నవ్వి, తనే ఇంకోవైపు ఎత్తి పట్టుకునేవాడు. మనిషికి కోపం తెప్పించే మంచితనం అది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మొహం వేలాడేసుకునేదాన్ని. ఆయన బాగున్నందుకు ఏడుపు వచ్చేది, చెప్పుకుంటే నవ్వుతారు. ఇంటికొస్తే వంటింట్లో గిన్నెలన్నీ ఇద్దరి కొలతవే. ఎంత తగ్గించి వండినా మిగిలేది. ఆయనకు వీధిలో బోర్డులన్నీ పైకి చదివే అలవాటు. దర్జీ కొట్టు, జ్యూస్ కొట్టు, తాళాలు బాగుచేసే కొట్టు, రోజూ చూసేవే అయినా కొత్తగా చదివేవారు. నడుస్తూ నడుస్తూ "ఏవోయ్, ఇది చూశావా" అనేవారు. చూశాను లెండి అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు అదే వీధిలో ఒక్కదాన్నే నడుస్తుంటే ఆ బోర్డులన్నీ నోరు మూసుకుని ఉన్నట్టుండేవి. ఆయన పక్కన కూర్చుని విసుక్కోవాలని ఎంతగా కోరుకున్నానో మాటల్లో చెప్పలేను. నా మనిషి నాకు కావాలి, అంతే.

ఒక శుక్రవారం నేను లోపలికి వెళుతుంటే, అక్కడ దుప్పట్లు ఉతికే చోట పనిచేసే జగిత్యాల వైపు మనిషి ఎదురొచ్చాడు. నేను తెలుగుదాన్నని తెలిసినప్పటినుంచి కనబడితే పలకరించేవాడు.

"అక్కా, ఒక మాట చెప్తె ఏమనుకోవద్దు" అన్నాడు. "అన్న తిన్నంక కుర్చికున్న బల్ల ఇడుస్తలేడట. తియ్యవోతె గట్టిగ పట్టుకుంటుండట. నిన్న నీళ్ళ గిలాస సుత ఇసిరిండట. ముదీర్ దాక పోయింది ముచ్చట."

"మా ఆయనా? ఆయనకి కోపమే రాదు బాబూ" అన్నాను.

"నాకేం తెల్సక్కా. తిన్నది యాదికుంటలేదు, మల్ల తినాలనుకుంటుండు అంటున్నరు. మీదికి పంపుతరట."

ముదీర్ అంటే అక్కడి మేనేజరు. మీద అంటే పై అంతస్తు. మతి తప్పినవాళ్ళ వార్డు. దాని తలుపులు బయటినుంచి మాత్రమే తెరుచుకుంటాయి. అక్కడికి వెళ్ళినవాళ్ళను ఇంటికి పంపే ప్రశ్నే ఉండదని నాకు మొదటి రోజే చెప్పారు. డాక్టరమ్మను అడిగితే నిజమేనంది. ఇంకో వారం చూసి మారుస్తామంది. శుక్రవారాల్లో నమాజు అయ్యాక, అంటే భోజనాలు అయిపోయాకే బయటివాళ్ళను రానిస్తారు. ఆయన తినడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం దగ్గరుండి చూస్తానని బతిమాలి, ఆ రాత్రికి అక్కడే తెలిసినవాళ్ళింట్లో ఉండిపోయాను.

మర్నాడు భోజనం వచ్చింది. చక్రాల కుర్చీకి అడ్డంగా చిన్న బల్ల బిగించి, మెడకు తువ్వాలు కట్టి, సహాయకుడు తినిపించడం మొదలుపెట్టాడు. ముందు చిన్న గిన్నెలో దోసకాయ ముక్కలు కలిపిన పెరుగు. తర్వాత అన్నం, పప్పులాంటిది ఒకటి, కూర. చివర్లో వణుకుతూ ఎర్రగా ఏదో తీపి. ఆయన బుద్ధిగా అన్నీ తిన్నారు. ఇక అయిపోయిందని అతను మూతి తుడవబోతే మొహం తిప్పేసుకున్నారు. బల్ల లాగబోతే ఎడమచేత్తో అంచు పట్టుకున్నారు. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని, భోజనం వచ్చే తలుపు వైపు చూస్తున్నారు.

ఆ చూపు నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో, నేను వంటింట్లో మజ్జిగ చిలుకుతూ ఆలస్యం చేస్తే పీట మీద కూర్చుని వంటింటి గుమ్మం వైపు చూసే చూపు. మా గోదావరి వైపు ఇళ్ళలో ఎన్ని రకాలు వడ్డించనీ, చివర మజ్జిగన్నం తినందే భోజనం అయినట్టు కాదు. అది తినకుండా లేస్తే అలిగి లేచినట్టు. నెలల నుంచీ ఆ మనిషిని రోజుకు రెండు పూటలా భోజనం మధ్యలోంచి లేపేస్తున్నారు. పాపం వాళ్ళకు తెలియదు. చెప్పడానికి ఈయనకు నోరు లేదు.

"ఆయన భోజనం ఇంకా అవలేదు" అన్నాను సహాయకుడితో ఇంగ్లీషులో. "పెరుగు తెప్పించండి. ఏమీ కలపని పెరుగు."

మిగిలిన అన్నంలో పెరుగు వేసి, నీళ్ళు పోసి, ఉప్పు వేసి చేత్తో కలిపాను. ముద్ద నోటికి అందిస్తే ఆయన కళ్ళు మూసుకుని తిన్నారు. గిన్నె ఖాళీ అయ్యాక ఎవరూ చెప్పకుండానే బల్ల వదిలేసి, తుడవమన్నట్టు గడ్డం పైకెత్తారు. సహాయకుడు "ఖలాస్?" అని అడిగితే తల ఊపారు. నేను అక్కడే నిలబడి ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా ఏడ్చేశాను.

ఆ తర్వాత డాక్టరమ్మ గదిలో నేను మాట్లాడిన తీరు మా అత్తగారు చూసి ఉంటే నిజంగా మురిసిపోయేది. ఇన్నాళ్ళకు దొరికింది నాకు వంక. "తిన్న సంగతి మర్చిపోయే మనిషికి, ఇంకా తినాల్సింది మిగిలే ఉందని ఎలా గుర్తుంటుందండీ? మతి తప్పింది ఆయనకు కాదు" అన్నాను. ఆమె కోప్పడలేదు. సహాయకుణ్ణి పిలిచి వివరంగా కనుక్కుంది. వంటగదికి ఫోన్ చేసి, ఆ పూట నుంచే ఈయనకు పెరుగన్నం చివర్లో పెట్టమంది. అలా ఆ ఒక్క వంక కూడా నాకు పూర్తిగా దక్కకుండానే పోయింది.

"అయితే ఆయనకు అన్నీ తెలుస్తున్నాయి. ఇక పైకి మార్చం" అంది. నా ప్రాణం లేచొచ్చింది. "వచ్చే శుక్రవారం రండి. మీరొక్కరే ఆయన్ని లేపి కూర్చోబెట్టగలరేమో చూద్దాం. ఆ తర్వాత ఇంటికి వెళతారో, ఇక్కడే ఉంటారో ఆయన్నే అడుగుదాం. తెలివున్న మనిషిని పక్కన పెట్టి మిమ్మల్ని అడగకూడదు."

అడగనీ, అనుకున్నాను. ఏం చెబుతారో నాకు తెలియనిదా.

ఆ వారమంతా కాళ్ళు నేల మీద ఆనలేదు. మంచం కిటికీ దగ్గరకు లాగాను. చక్రాల కుర్చీ తిరగడానికి అడ్డమని సోఫా అమ్మేశాను. మాది లిఫ్టు లేని మేడ. పక్క వాటాలో కలిసి ఉండే తెలంగాణ పనివాళ్ళను అడిగితే, "నలుగురం ఉన్నం మేడం. కుర్చీతోని ఎత్తుకొచ్చి మంచంల కూసుండవెడ్తం, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నారు. పగలు నేను బడికి వెళ్ళినప్పుడు చూసుకోవడానికి ఒక ఆవిడను మాట్లాడుకున్నాను. ఆయన కండువా ఉతికి ఆరేశాను. పెళ్ళికి ముందు కూడా నేను అంతగా ఎదురుచూడలేదు.

శుక్రవారం రానే వచ్చింది. సహాయకుడు ఎలా వంగాలో, ఎలా పట్టుకోవాలో చూపించి పక్కన నిలబడ్డాడు. నేను మోకాళ్ళు వంచి, ఆయన చంకల కింద చేతులు పోనిచ్చి, నా గుండెకు ఆనించుకుని లేపాను. ఎన్నాళ్ళయింది అలా పట్టుకుని. ఆయన మెడ నా బుగ్గకు తగిలింది. అలాగే ఉండిపోదామనిపించింది. కుర్చీ వైపు తిప్పుతుండగా నడుములో కలుక్కుమంది. ఊపిరి ఆగిపోయినంత నొప్పి. మూలుగు పైకి రాకుండా పళ్ళు బిగించి ఆయన్ని కుర్చీలో దించి, నవ్వుతూ లేచి నిలబడ్డాను. డాక్టరమ్మ "బాగా చేశారు" అంది. సహాయకుడూ ఏమీ కనిపెట్టలేదు. కానీ అప్పుడు ఆయన చెవి నా నోటి పక్కనే ఉంది.

డాక్టరమ్మ ముందు చిన్న చిన్న ప్రశ్నలు అడిగింది, నేను తెలుగులో చెప్పాను. ఈమె మీ భార్యేనా అంటే అవునని తల ఊపారు. మనం ఉన్నది బొంబాయిలోనా అంటే కాదన్నారు. ఇది రాత్రా అంటే, కిటికీలో ఎండ చూసి, ఇదేం ప్రశ్న అన్నట్టు నావైపు చూశారు. అందరం నవ్వాం. తర్వాత ఆమె అసలు ప్రశ్న అడగమంది.

ఆయన ముందు కూర్చుని, ఎడమ చెయ్యి పట్టుకుని అడిగాను. "ఏవండీ, మనింటికి వెళ్ళిపోదామా?"

ఆయన చేతిని నా వేళ్ళలోంచి మెల్లగా విడిపించుకుని, చాపి, నా నడుము మీద సరిగ్గా నొప్పి ఉన్న చోట పెట్టారు. తర్వాత వద్దని తల అడ్డంగా ఊపారు. నేను చూడనట్టు మళ్ళీ అడిగాను. మళ్ళీ వద్దన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా తల ఊపడం ఆపలేదు.

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఎవరడిగారు నా నడుము సంగతి? డాక్టరమ్మ "ఆయనకు ప్రశ్న సరిగ్గా అర్థమైందంటారా?" అని నన్ను అడిగింది. అర్థమైనట్టు లేదండీ అని ఒక్క మాట అంటే చాలు, ఇంకో వారం, ఇంకో ప్రశ్న, ఇంకో ఆశ.

"అర్థమైంది" అన్నాను. "ఇక్కడే ఉంటానంటున్నారు."