బావగారూ అంటే పలికినాయన

మొన్న కె.ఆర్.పురం స్టేషన్ నుంచి నేనెవర్ని ఇంటికి తెచ్చానో చెబితే చేతిలో టీ ఒలకబోసుకుంటారు! గ్లాసు గట్టిగా పట్టుకుని వినండి.

నా కళ్ళ సంగతి తెలుసుగా. వయసుతో రెటీనా నడిమధ్య దెబ్బతింది. చుట్టూ లోకమంతా ఉంటుంది, నేను సూటిగా చూసిన చోట మాత్రం పొగమంచు. మనిషికి భుజాలుంటాయి, ముఖముండదు. కలలోలాగా తేలుతూ వస్తారందరూ. డాక్టరమ్మ ఏమందంటే, "కాస్త పక్కకి చూడండి, ముఖం అంచుల్లో దొరుకుతుంది. దొరక్కపోతే మొహమాటపడకుండా పేరడగండి." ఓరచూపులో ఇప్పుడు బెంగళూరు మొత్తానికి నన్ను మించినవాడు లేడు! కానీ వెయ్యిమందిలో మనిషిని నడకతో పసిగట్టినవాణ్ణి, "మీరెవరు?" అని అడుగుతానా?

ఆరోజు కోడలి తండ్రి వస్తున్నాడు. ఒక్కణ్ణే వెళ్ళి తెస్తానన్నాను.

"ఏమన్నా తేడా వచ్చిందో, ఇంక గేటు దాటి ఒంటరిగా పోయేది లేదు, చెప్తుండా!" అంది మా ఆవిడ.

తెల్లవారుజాము మంచు. లోపలి మంచూ బయటి మంచూ కలిసిపోయాయి. రైలు దిగిన జనం పాలల్లో పంచదారలా కరిగిపోతున్నారు. అందులోంచి ఒక శాలువా, ఒక పంచె మెల్లగా తేలి వచ్చాయి. స్తంభం వైపు చూస్తూ ఆయన్ని చూశాను. అదే నడక!

"బావగారూ!"

"బావగారూ!" అని కౌగిలించుకున్నాడు. ఇంకేం రుజువు కావాలి?

ఆటోలో, "గొంతు మారిందే?" అన్నాను.

"రైల్లో జలుబు పట్టుకునుండాది. మీరు చిక్కినట్టుండారే?"

"వాకింగు బావగారూ! లాల్‌బాగ్‌నే నా చుట్టూ తిప్పుతున్నా!"

చిక్కపేటలో బెదిరిన ఎద్దును ఒక్క చూపుతో నిలబెట్టిన వైనం కూడా చెప్పాను. ఆయన "అవునవును" అంటూ మురిసిపోయాడు.

మా ఆవిడ తలుపు తీసింది. "ఎవరప్పా ఈయన?"

లోపల్నుంచి ఇంకో గొంతు. "వచ్చారా బావగారూ? స్టేషన్లో నేను పిలుస్తూనే ఉన్నా, మీరు స్తంభానికేసి చూస్తూ వెళ్ళిపోతిరి!"

నా పక్కనున్న పెద్దమనిషి చేతులు జోడించాడు. "తప్పుగా అనుకోవద్దమ్మా. నాకు శుక్లాలు, ముఖాలు ఆనవు. ఈయన ఊపిరి తీసుకోకుండా కోతలు కోస్తావుంటే, మా వియ్యంకుడు తప్ప ఇంకొకరయ్యుండరు అనుకుంటిని!"

ఆ పెద్దమనిషి అసలు వియ్యంకుడికి మేమే ఫోన్ చేసి, ఈయనకి కాఫీ ఇచ్చి సాగనంపాం. ఇక నా శిక్ష కోసం తలొంచుకుని నిలబడ్డాను. మా ఆవిడ నవ్వాపుకుని తీర్పు చెప్పింది:

"ఒంటరిగానే పోండి. తప్పిపోయినా భయం లేదు. కోతలు వినబడే దిక్కుకి మేం వస్తే మీరు దొరికిపోతారు."