కార్తీక సోమవారం నాటి సాంబారు

ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "మొగుణ్ణి తిన్న చేతులు, పిల్లల్ని మాత్రం వదుల్తాయా?" అంది మా తోటికోడలు. బడి గేటు దగ్గర, అందరూ వింటుండగా అంది.

ఆయన పోయాక నన్ను నిలబెట్టింది కంకిపాడు అవతల మా ఊరి హైస్కూల్లో వంట పని. దాని మీద ఆవిడకు మొదటినుంచీ కన్నుంది. ఆ కార్తీక సోమవారం సాయంత్రం బళ్లో కొందరు పిల్లలకు వాంతులయ్యాయి. తెల్లారేసరికి ఊరందరి నోటా నా సాంబారే. హెడ్మాస్టరు గారు పిలిచి, "సంగతి తేలేదాకా వంట మీ తోటికోడలు చేస్తుందమ్మా, నువ్వు గిన్నెలు చూడు. తప్పు నీదని తేలితే మాత్రం ఇక రావద్దు" అన్నారు. నా పొయ్యి ముందు ఆవిడ పీట వేసుకుంది. ఆవిడ మాడ్చిన గిన్నెలు నేను తోమాను. ఆ కసికి మసంతా పోయి గిన్నెలు తళతళలాడాయి.

ఏడో తరగతికి సైన్సు చెప్పే టీచరమ్మ విజయవాడ నుంచి బస్సులో వస్తుంది. ఏదైనా ఎందుకు జరిగిందో పిల్లల చేత రాయిస్తుంది. ఆ వారం ఈ వాంతుల గురించే రాయమంది. గిన్నెలు తోమే కుళాయి ఆ తరగతి కిటికీ కిందే, అన్నీ వినపడేవి.

"సాంబారు పాడైంది టీచర్. మా అమ్మ చెప్పింది."

"మీ అమ్మ చూసిందా? విన్నమాట ఆధారం కాదమ్మా. ఎవరేం తిన్నారో, ఏ నీళ్లు తాగారో, ఎవరికి వాంతులయ్యాయో అడిగి రండి. మీరనుకున్నదానికి అడ్డమొచ్చినా సరే, అదీ రాయాలి."

నేను ఆగలేకపోయాను. బెల్లు కొట్టాక టీచరమ్మ దగ్గరికి వెళ్లి, "మా తోటికోడలే ఏదో కలిపిందని రాయించండి టీచరమ్మా" అన్నాను.

"మీరు చూశారా అండీ?"

"చూడాలా? దాని మొహం చూస్తే తెలీదా?"

"మీ గురించీ వాళ్లు అలాగే అన్నారు కదండీ."

వెనక్కి తిరిగి గిన్నెల దగ్గరికి వచ్చేశాను. కోపం మాత్రం అంగుళం తగ్గలేదు.

మర్నాడు పిల్లలు అడిగి తెచ్చినవన్నీ చెబుతున్నారు. ఒకడు లేచి, "నేను సాంబారు మూడుసార్లు పోయించుకున్నా టీచర్, నాకేం కాలేదు!" అన్నాడు.

"నువ్వు రాళ్లు తిన్నా అరాయించుకుంటావులేరా!" అని ఇంకొకడు. అందరూ నవ్వారు.

"ఆగండి. ఏ నీళ్లు తాగావు నువ్వు?"

"ఇంటి నుంచి తెచ్చుకున్న బాటిలండీ."

అప్పుడు మా తోటికోడలి కూతురు లేచింది. "టీచర్, నేనసలు అన్నమే తినలేదండీ. కార్తీక సోమవారం కదా, అమ్మ ఉపవాసం ఉంచింది. బడి ట్యాంకు నీళ్లే తాగాను. నాకూ వాంతులయ్యాయి."

నేను కుళాయి కట్టేసి విన్నాను. ఉపవాసమున్న ఇంకో ఇద్దరిదీ అదే సంగతి. ట్యాంకు మూత తీయిస్తే లోపల చచ్చిన పావురం. "పావురం ఒక్కటీ రాస్తే చాలదు. ఉపవాసమున్నవాళ్ల సంగతి ఎందుకు ముఖ్యమో రాయండి" అంది టీచరమ్మ.

తల్లిదండ్రుల మీటింగులో పిల్లలు రాసింది ఒకరి చేత చదివించాలనుకుంటున్నానని ఆవిడ అంటే, "మా తోటికోడలి కూతురి చేత చదివించండి" అన్నాను. "మీరెందుకు అంటున్నారో తెలుసండీ. కానీ బాగా రాసింది కూడా ఆ పిల్లే" అంది.

అందరి ముందూ పిల్ల చదివింది. "వాంతులు సాంబారు వల్ల కాదు, ట్యాంకు నీళ్ల వల్ల. నేను సాంబారు ముట్టలేదు, ఆ నీళ్లు తాగాను, నాకు వాంతులయ్యాయి. సాంబారు తిని ఇంటి నీళ్లు తాగినవాళ్లకు ఏమీ కాలేదు. సాంబారే కారణమైతే నాకు రాకూడదు, వాళ్లకు రావాలి."

నేను పిల్లను చూడలేదు. తల్లినే చూశాను.

"ఏమ్మా, దాన్ని ఉపవాసం ఉంచింది నువ్వేగా? తినలేదని నీకు తెలీదా?" అన్నాను, గేటు దగ్గర ఆవిడ అన్నంత గట్టిగా.

"మర్చిపోయానక్కా."

"నా మొగుడు పోయిన సంగతి మాత్రం బాగా గుర్తుందే నీకు!"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు గరిటె మళ్లీ నా చేతికొచ్చింది. ఆ పిల్ల వరసలో వచ్చి, "కొంచెం చాలు పెద్దమ్మా" అంది. కంచం అంచుదాకా పోశాను. అంత మనసెవరికి ఉంటుందని పక్కనున్నవాళ్లు మెచ్చుకున్నారు. గేటు అవతల నుంచి తల్లి చూస్తోంది. ఆవిడ చూస్తోందని తెలిసే ఇంకో గరిటె పోశాను.