మైనస్ ఇరవైలో ఒక స్టవ్

2006 సెప్టెంబరు. బహ్రెయిన్‌లోని హిద్‌లో ఒక కోల్డ్ స్టోర్‌కి నేను ఇన్‌ఛార్జిని. బయట ఎండ మాడ్చేస్తుంటే, లోపల హోల్డింగ్ రూమ్ మైనస్ ఇరవై. గడ్డకట్టిన కోళ్లూ చేపలూ అట్టపెట్టెల్లో నిల్వ ఉండే గది అది. భీమవరం రొయ్యల ఫ్యాక్టరీ నుంచి మొదలుపెట్టి చలిలోనే బతికానుగానీ, నాకు చలంటే ఒళ్లు మంట. అలాంటి నా దగ్గరికి ఒకాయన చలి కావాలంటూ వచ్చాడు.

పేరు యూహాని. ఫిన్లాండ్ మనిషి, దగ్గర్లోని ఓడల యార్డులో ఇంజనీరు. భుజాన ఒక సంచి. "కాసేపు మీ ఫ్రీజర్‌లో కూర్చోనిస్తారా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు యాదగిరిది జగిత్యాల. "ఈ గల్ఫ్ ఎండకు దిమాక్ ఖరాబైనట్టుందన్నా ఈయనకు," అన్నాడు మెల్లిగా. నాకూ అలాగే అనిపించింది.

అప్పుడు చెప్పాడాయన. ఏటా చలికాలం చివర్లో ఆయనా భార్యా వాళ్ల దేశం ఉత్తర కొసకి వెళ్లేవారట. బూట్లకు స్కీలు, అంటే పొడవాటి సన్నని పలకలు బిగించుకుని, రోజుల తరబడి మంచు మీద ప్రయాణం. దారీ ఉండదు, ఊరూ ఉండదు. సామానంతా చక్రాల్లేని బండిలో పెట్టి నడుముకి కట్టుకుని లాగాలి. రాత్రికి గుడారం. తాగే నీళ్లు కూడా స్టవ్ మీద మంచు కరిగించుకోవాల్సిందే. ఆ స్టవ్ వెలిగించే పని ఎప్పుడూ ఈయనదే.

పోయినేడు యార్డులో ఆయన కుడి చెయ్యి నలిగింది. వేళ్లకు ఆపరేషనయింది. ప్రయాణం ఆగిపోయింది. "చలిలో నీ వేళ్లు పనిచేస్తాయో లేదో తేల్చుకో. నీ మాట నమ్మను, చూసినవాళ్లు నాకు ఫోన్‌లో చెప్పాలి," అందట ఆవిడ.

"అంత దూరం వెళ్తే అక్కడ ఏముందండీ?" అని అడిగాను.

"ఏమీ లేదు. మంచులో ముందు ఆమె వెళ్లిన గాడి ఉంటుంది. ఆ గాడిలో నేను వెళ్తుంటాను. అంతే."

ఆ గొంతులో బెంగ విన్నాక కాదనలేకపోయాను.

సంచిలోంచి స్టవ్ తీశాడు. మంట మాత్రం పెట్టనివ్వనన్నాను. మా గోడల్లో ఉండేది ఫోమ్, నిప్పంటుకుంటే ఆగదు. ఆయన సరేనన్నాడు. స్టవ్ పంపుని నూనె సీసాకి మూతలా తిప్పి బిగిస్తే చాలు, వేళ్ల సంగతి తేలిపోతుంది. ఫ్రీజర్‌లోకి ఎవర్నీ ఒంటరిగా పంపకూడదు కాబట్టి తిట్టుకుంటూనే నేనూ జాకెట్ తొడుక్కుని వెళ్లాను.

చలి బాగా పట్టేదాకా పెట్టె మీద కూర్చుని, అప్పుడు గ్లవ్స్ తీశాడు. ఎడమచేత్తో సీసా పట్టుకుని కుడిచేత్తో పంపు తిప్పబోయాడు. జారిపోయింది. మళ్లీ జారిపోయింది. వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

"ఖలాస్, పదండి," అన్నాను.

"ఇంకొక్కసారి."

రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

బయట భార్యకి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. నోటితో ఏమీ అడగలేదుగానీ, ఒక్క అబద్ధం చెప్పమని కళ్లతో బతిమాలాడు. నా ప్రాణం ఉసూరుమంది. కానీ వెళ్లేది దారీ ఊరూ లేని చోటికి.

"లేదు మేడమ్. కుడి చెయ్యి పనిచెయ్యలేదు," అన్నాను.

"మరి ఎడమ చెయ్యి?" అంది.

"బాగానే ఉంది."

"కాళ్లు, నడుము?"

"బయటికి లాగడానికి నా ప్రాణం పోయింది మేడమ్. దుక్కలా ఉన్నాడు."

ఆవిడ నవ్వింది. "అయితే స్టవ్ నేను వెలిగిస్తాను. ఆయన్ని బండి లాగమనండి. మార్చికి టికెట్ కొనమనండి."

ఆ మాట చెప్పగానే అంతటి మనిషీ సరుకు పేర్చే చెక్క ప్యాలెట్ల మీద కూలబడి ఏడ్చేశాడు. యాదగిరి చాయ్ తెచ్చి, "తాగు సాబ్," అని చేతిలో పెట్టాడు.

ఆయనది మంచు మీద బెంగ అనుకున్నాను. కాదు, ముందు నడిచే మనిషి మీద. ఆ బెంగ నాకు తెలియనిదేమీ కాదు. కాకపోతే ఇన్నేళ్లలో మా ఆవిడకి ఫోన్ చేసినప్పుడల్లా పిల్లల చదువులు, ఇంటి రిపేర్ల గురించే మాట్లాడాను. ఆ సాయంత్రం, ఎప్పుడూ ఫోన్ చేసే శుక్రవారం దాకా ఆగకుండా భీమవరం ఫోన్ చేశాను.

"నీ మీద బెంగగా ఉంది," అన్నాను.

"ఒంట్లో బాగానే ఉందా?" అంది కంగారుగా.

"బాగానే ఉంది."

"అయితే ఇంకోసారి చెప్పండి," అంది.