బోల్ట్ మీది నంబరు

తొంభైల మొదట్లో నేను మస్కట్‌లో, మత్రా బజారులోని ఒక పాత ఆయుధాల దుకాణంలో పనిచేశాను. నాతో పాటు కడప భాయి ఒకాయన. ఇద్దరం హమ్రియాలో ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. తుపాకులు విప్పి, కడిగి, నూనె రాసి బిగించడం మా డ్యూటీ. ఎక్కువగా వచ్చేవి మన పోలీసులు మోసే త్రీ నాట్ త్రీలే. ఒమానీలు వాటిని పెళ్లిళ్లకు భుజాన వేసుకునేవారు, తెల్లవాళ్లు గోడకు తగిలించుకోవడానికి కొనేవారు.

ఆ తెల్లవాళ్ల దగ్గరే నేనొక విద్య పట్టాను. తూటా పెట్టేచోట ఇనుము మీద ఒక నంబరు ఉంటుంది. తూటాను లోపలికి నెట్టే కదిలే ముక్క బోల్ట్, దాని పిడి వెనక ఇంకొకటి. రెండూ ఒకటైతే బోల్ట్ ఆ తుపాకీదే. అంకెల చుట్టూ ఆకురాయి గీతలుంటే మాత్రం పాతది అరగదీసి తర్వాత ఎవరో కొత్తది కొట్టారని అనుమానించాలి.

సూర్ అనే రేవు ఊరి నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. పడవల మీద బొంబాయి తిరిగినవాడు, హిందీ వచ్చు. ఒకసారి తుపాకీకి కొత్త పటకా వేయించుకుంటూ, ఇది మా నాన్న కొత్తగా కొన్నది, ఒక్క ముక్క కూడా మారలేదని ఆయనే చెప్పాడని అక్కడున్నవాళ్లకు చూపించాడు. నేను చేతిలోకి తీసుకుని నంబర్లు చూశాను. బోల్ట్ దీనిది కాదు, వేరేదని అందరి ముందూ చెప్పాను.

"మా నాన్న అబద్ధం ఆడాడంటావా, రఫీక్?" అన్నాడాయన మెల్లగా. అక్కడ మాలాంటి పనివాళ్లను రఫీక్ అనే పిలుస్తారు, దోస్తు అని.

నంబరు అబద్ధం ఆడదన్నాను. ఆయన తుపాకీ గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు దుకాణం గోడ మీది తుపాకీ ఒకటి దించి తుడుస్తుంటే, దాని బోల్ట్ మీద, నాకు గుర్తుండిపోయిన ముసలాయన తుపాకీ నంబరు కనిపించింది. గీతలు లేని అసలైన అంకెలు. అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందటేడు ఆయన తుపాకీ శుభ్రానికి మా దగ్గరికే వచ్చింది. మేము నాలుగైదు తుపాకులు ఒకేసారి విప్పి, బోల్ట్‌లన్నీ ఒకే కిరసనాయిలు తొట్టిలో వేసేవాళ్లం. బిగించేటప్పుడు చేతికొచ్చింది పెట్టేవాణ్ణి. ఏదైనా పట్టేది.

భాయికి చెప్పాను.

"బోల్ట్ ఇచ్చేసి రాప్పా. తొట్టి కథ ముసలాయనకి ఎందుకు? మన షాపు అర్బాబ్ చెవిన పడిందంటే ఇద్దరికీ ఇంటికి టికెట్టే."

శుక్రవారం సూర్ వెళ్లాను. బోల్ట్ మార్చి, గోడ మీది తుపాకీది తిరిగి తీసుకున్నాను. ఎక్కడ దొరికిందని అడిగితే, బజారులో అన్నాను. ఆయన నంబర్లను వేలితో తడిమాడు. తర్వాత చిన్న కప్పులో కహ్వా కాఫీ పోసి నాకిచ్చాడు.

"నాన్న ఏదో కష్టకాలంలో దీన్ని అమ్ముకుని ఉంటాడు. నాకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. పోనీలే, తండ్రి కదా" అన్నాడు.

పక్కన కూర్చున్న కొడుకులు తలలూపారు. నేను ఖర్జూరం గింజ పళ్లెంలో పెట్టి, బస్సుకు వేళయిందని లేచాను.

ముసలాయన పోయాడని తర్వాత విన్నాను. ఆ ఇంట్లో ఇప్పటికీ తాత, అంటే ముసలాయన తండ్రి, బోల్ట్ అమ్ముకున్నాడన్న ఆ మాటే చెప్పుకుంటూ ఉంటారు. ఆ తాత ఏమీ అమ్ముకోలేదు. కొడుకుతో చెప్పింది నిజం. బోల్ట్ మారింది మా తొట్టిలో, నా చేతుల్లో.