కాయలు వేగేలోపు

కళ్యాణదుర్గం బస్టాండులో వేరుశనగకాయలు వేగే వాసన తగిలితే ఇప్పటికీ నా చెయ్యి కలం వెతుక్కుంటుంది. పదో తరగతిలో మా తెలుగు సారు సాయంత్రాలు మమ్మల్ని తన ఇంటికి పిలిచి, పొయ్యి మీద బాణలిలో కాయలు పోసి, అవి వేగేలోపు వ్యాసం ముగించమనేవారు.

ఒకరోజు అంశం, మెట్టచేనుకు వేరుశనగ మేలా, చీనీతోట, అంటే బత్తాయి తోట, మేలా అని. మా నాయన ఊళ్లో తగవులు తీర్చేవాడు. ఆయనలా ఇద్దరినీ మెప్పించడమే వాదన అనుకుని, రెండూ మేలేనని రాశాను.

"రెండిట్లో నువ్వు దేని పక్కమ్మా? అది రాయనే లేదే," అన్నారు సారు. "కాయలింకా పచ్చిగానే ఉండాయి. మళ్లా రాయి."

"చీనీకి నీళ్లు ఎక్కడివి?" అని మొదలుపెట్టాను. కాయలు దించేలోపు ముగించాను.

ఇప్పుడు నేనూ తెలుగు టీచర్నే. పక్షం చెప్పని వ్యాసానికి మార్కులు వేయను. ఊళ్లో తగవు వస్తే మాత్రం నాయనలాగే మాట్లాడతాను. పరీక్ష కాగితం ఇచ్చేసి వెళ్లిపోవచ్చు, పక్కచేను వాళ్లతో రేపూ బతకాలి.