కరెంటిచ్చిన క్రిస్టోఫర్

యానాం లైన్‌మన్ క్రిస్టోఫర్ ముప్పై ఏళ్లుగా తిట్లు తింటూనే ఉన్నాడు. కరెంటు పోతే చాలు, కనకాలపేటంతా అతన్నే తలుచుకుంటుంది. వచ్చినప్పుడు మాత్రం ఒక్కరికీ గుర్తు రాడు. నెలాఖరుకి రిటైర్‌మెంటు. ఈలోగా ఒక్కసారైనా "క్రిస్టోఫర్ కరెంటిచ్చాడు" అనిపించుకోవాలని పాపం అతని ఆశ.

ఆ అదృష్టం ఓ సర్కారు ఆఫీసు డాబా మీదికి వచ్చింది. అక్కడ పెట్టిన సోలార్ ప్యానెళ్లని ఊరి లైనుకి కలిపే పని అతనిదే. పుదుచ్చేరి నుంచి ఇంజినీరు శ్రీరామచంద్రమూర్తిగారు వచ్చి, మీటరు తిరగడం కళ్లారా చూసి సంతకం పెట్టాలి. ఆయన మధ్యాహ్నం వెళ్లిపోతే మళ్లీ వచ్చేది మూడు నెలలకి. అప్పటికి క్రిస్టోఫర్ ఇంట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటాడు.

శనివారం, ఆఫీసుకి సెలవు. ఎండ మాడ్చేస్తోంది. ఇంజినీరుగారు చూస్తే మీటర్లో సున్నా.

"లైన్లో కరెంటే లేదు కదయ్యా! లైను ఆగితే సోలార్ కూడా దానంతటదే ఆగిపోతుంది. లేకపోతే స్తంభమెక్కినవాడు మాడిపోడూ?"

క్రిస్టోఫర్‌కి ఒళ్లు మండింది. సబ్‌స్టేషన్‌కి ఫోన్ కొట్టాడు. "కరెంటు తియ్యడానికి ఇయ్యాలే దొరికిందా మీకు?"

"మేం తియ్యలేదు బాబూ. ఇక్కడంతా బానే ఉంది."

ఇంతలో పక్కింటి సత్యవతమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏమయ్యో క్రిస్టోఫరూ! గ్రైండర్లో పప్పు సగంలో ఆగిపోయింది. ఏం చేస్తన్నావయ్యా అక్కడ?"

గంట గడిచింది. స్తంభాలన్నీ చూశాడు. ఒక ఉడతని అనుమానించాడు కూడా. ఇంజినీరుగారు వాచీ చూసుకుంటున్నారు. నీరసం వచ్చి, భార్య తెరేసా కట్టిచ్చిన క్యారేజీ కోసం సంచీలో చెయ్యి పెడితే, మూడు ఫ్యూజులు తగిలాయి.

ఓరి దేవుడా! పొద్దున వైరు బిగించడానికి స్తంభమెక్కే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకింది తనే. తను పైన ఉండగా ఎవడో వచ్చి పెట్టెయ్యకుండా వాటిని సంచీలో దాచుకోవడం ముప్పై ఏళ్ల అలవాటు. దిగేసరికి ఇంజినీరుగారి కారు కనిపించింది, పరిగెత్తాడు. ఊరి కరెంటు సంచీలోనే ఉండిపోయింది.

ఉడత మీదికి తోసేద్దామా అనుకున్నాడు. నోరు రాలేదు.

"అయ్యగారూ, ఫాల్టు దొరికిందండి. నేనేనండి."

ఇంజినీరుగారు ఫ్యూజుల వంక చూశారు, అతని వంక చూశారు. కోపం రాబోయి నవ్వొచ్చేసింది. "ఈ అలవాటు ఉండబట్టే ఇన్నాళ్లు బతికున్నావు. పో, పెట్టు, తొందరగా!"

ఫ్యూజులు పడ్డాక, సోలార్ మెషీను లైను సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. క్రిస్టోఫర్ వేళాంగణి మాతకి మొక్కి, చాలదేమోనని వెంకన్నకి కూడా మొక్కాడు. మీటరు కదిలింది. ఆఫీసులో వాడేవాళ్లు లేరు కాబట్టి కరెంటంతా వీధి లైన్లోకి పోయింది. సంతకం పడింది.

క్రిస్టోఫర్ కళ్లు తుడుచుకుంటూ గోడ దగ్గరికి ఉరికాడు. "సత్యవతమ్మగారూ! మీ గ్రైండర్ తిరిగేది మా డాబా మీది ఎండతోనండీ. నేనే ఇచ్చానండీ!"

ఆవిడ గ్రైండర్ వంకా ఆకాశం వంకా చూసింది. "అయితే ఇకమీదట మబ్బు పట్టినా నిన్నే అడగాలన్నమాట."

"అడగండమ్మా," అన్నాడు క్రిస్టోఫర్. "రిటైరయ్యాక కూడా అడగండి."